మసకబారిన హెడ్‌లైట్లు: రుద్దడం సగం పనే, పైన వేసే పూత అసలు పని

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను, ఇదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. 2013 స్విఫ్ట్, గుంటూరులో ఇంటి ముందు ఎండలోనే ఉంటుంది. రెండు హెడ్‌లైట్లూ పసుపెక్కి మసకబారాయి. తరచూ రాత్రిపూట ఒంగోలు వైపు వెళ్లాలి, హైవే మీద పక్క గీత కూడా సరిగ్గా కనపడటం లేదు. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఒక షాపులో లైట్లు మొత్తం మార్చేయమన్నారు, ఇంకోచోట 100 వాట్ల బల్బులు వేసుకోమన్నారు. ఏం చేయాలి?

నేను కార్ల పెయింటింగ్, పాలిషింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ముందు ఆ బల్బుల సంగతి: దయచేసి వేయకండి. మీ బండికి వచ్చేది హెచ్4 బల్బు, డిమ్‌కి 55 వాట్లు, హై బీమ్‌కి 60 వాట్లు. దాని హోల్డరు, వైరింగు, లోపల వెలుతురుని ముందుకి తిప్పే రిఫ్లెక్టరు అన్నీ ఆ వేడికి సరిపోయేలా చేసినవే. హై బీమ్‌కి 100, డిమ్‌కి 90 వాట్ల బల్బు పెడితే హోల్డరు కరగడం, రిఫ్లెక్టరు మీద వెండి రంగు పూత నల్లగా కాలిపోవడం మొదలవుతుంది. అలా కాలిన రిఫ్లెక్టర్‌కి మరమ్మతు లేనట్టే, అప్పుడు నిజంగానే లైటు మొత్తం మార్చాలి. పైగా అద్దం మసకగా ఉన్నప్పుడు వెలుతురు పెంచితే అది రోడ్డు మీద పడదు, చుట్టూ చెదిరిపోయి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. హాలోజన్ బల్బుకని చేసిన ఇలాంటి లైట్లో బయట దొరికే ఎల్ఈడీ బల్బు పెట్టినా అదే గొడవ. మీకు ఇప్పుడు వెలుతురు తక్కువై కనపడటం లేదనుకుంటున్నారు గానీ, బల్బు నుంచి రావాల్సింది వస్తూనే ఉంది, అద్దం దాటి బయటికి సరిగ్గా రావడం లేదు.

ఎంత తేడా ఉంటుందో చెప్పడానికి ఒక లెక్క ఉంది. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం 2018లో పాతబడి పసుపెక్కిన హెడ్‌లైట్లని పరీక్షించింది. కొత్త లైటు ఇచ్చే వెలుతురులో అవి ఇంచుమించు అయిదో వంతు మాత్రమే ఇస్తున్నాయని తేలింది. అదే లైట్లని బాగుచేస్తే సుమారు 70 శాతం వరకూ తిరిగి వచ్చింది. నూటికి నూరు రాదు, అది ముందే తెలుసుకోండి. కానీ 20 నుంచి 70కి రావడమంటే చిన్న విషయం కాదు. మన రోడ్ల మీద వెనక రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా లేని ట్రాక్టర్లు, మిర్చి సీజన్‌లో యార్డుకి వచ్చే లోడు బళ్లు, వెనక లైటు వెలగని బైకులు, పక్కన నడిచి వెళ్లే మనుషులు ఉంటారు. వాళ్లు మీకు ఒక్క సెకను ముందు కనపడినా చాలు.

ఇప్పుడు అసలు జబ్బు ఏంటో చూద్దాం. పాత అంబాసిడర్, పద్మిని కార్లకి గాజు అద్దాలుండేవి. వాటికి రాయి తగిలితే పగలడమే తప్ప ఎండకి పసుపెక్కడం తెలియదు. ఇప్పటి లైట్లన్నీ పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. తేలిక, దెబ్బకి ఓర్చుకుంటుంది, ఏ వంపు కావాలంటే ఆ వంపులో పోత పోయొచ్చు. కానీ ఎండలో ఉండే యూవీ కిరణాలంటే దానికి పడదు. నేరుగా తగిలితే ప్లాస్టిక్ పైపొర విరిగి, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి పసుపు రంగుకి తిరుగుతుంది. అందుకే కంపెనీలో దాని మీద యూవీని ఆపే గట్టి పారదర్శక పూత ఒకటి వేస్తారు. కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. మన ఎండలు, దుమ్ము, కారు కడిగేటప్పుడు ఎండుగుడ్డతో తుడవడం, అన్నీ కలిసి కొన్నేళ్లకి ఆ పూతని తినేస్తాయి. మీ లైట్లు గమనించండి, పై అంచు దగ్గరే ఎక్కువ పాడై ఉంటుంది, ఎందుకంటే అది ఆకాశం వైపు వాలి ఉంటుంది. బండి ఎప్పుడూ ఒకే దిక్కుకి పెడితే ఎండ పడే వైపు లైటు ముందు పోతుంది.

అంటే పోయింది పూత, దెబ్బతిన్నది ప్లాస్టిక్. టూత్‌పేస్టు చేసేది ఏంటంటే, అందులో ఉండే సన్నటి పొడి పైపొరని కొద్దిగా అరగదీస్తుంది. మెరుపు వస్తుంది. కానీ పూత తిరిగి రాదు కదా, మిగిలిన ఆ కాస్తా కూడా పోతుంది. వట్టి ప్లాస్టిక్ ఎండలో పడుతుంది. అందుకే రెండోసారి ఇంకా తొందరగా పసుపెక్కుతుంది. వంటసోడా, నిమ్మకాయ కూడా ఇదే కథ. కిరసనాయిలు, స్ప్రే ఆయిళ్లు గీతల్లో నిండి తడిగా ఉన్నంతసేపు మెరుస్తాయి, కడిగితే పోతుంది. ఇవన్నీ పనికిరావంతే, అంత ప్రమాదం లేదు. అసలు ప్రమాదం ఉన్నవి వేరు: ఒంటికి రాసుకునే దోమల స్ప్రే కొట్టి తుడిస్తే అద్దం తళతళలాడే వీడియోలు మీరు చూసే ఉంటారు. అందులో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, పైపొర కరిగి చదునవుతుంది కాబట్టి మెరుస్తుంది. కొన్నాళ్లకి జిగటగా మారి, సన్న పగుళ్లిస్తుంది. థిన్నర్, ఎసిటోన్, పెట్రోలు, బ్రేక్ ఆయిలు కూడా అద్దం దగ్గరికి రానివ్వకండి.

ఈ మధ్య ఇంకోటి వచ్చింది. చిన్న ఎలక్ట్రిక్ కప్పులో ఏదో ద్రవం పోసి, దాని ఆవిరి అద్దానికి పట్టిస్తే క్షణంలో కొత్తదానిలా అవుతుంది. కొందరు దాన్ని నీటి ఆవిరి అనుకుంటారు, కాదు. చాలావాటిలో ఉండేది డైక్లోరోమీథేన్ లేదా క్లోరోఫాం. డైక్లోరోమీథేన్ పీలిస్తే అది ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, మూసిన గదిలో మనిషి పడిపోవచ్చు. కారు యజమాని చూసి మురిసిపోయి వెళ్తాడు, ఆ ఆవిరి రోజంతా పీల్చేది అక్కడ పనిచేసే కుర్రాడు. దానితోనూ యూవీ పూత రాదు. నేను ఆ పద్ధతి వాడను, మిమ్మల్నీ వాడొద్దనే చెప్తాను.

పనిలోకి దిగే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. లైటు చల్లగా ఉన్నప్పుడు శుభ్రంగా కడిగి, అద్దం మీద నీళ్లు ధారగా పోస్తూ చూడండి. తడి ఉన్నంతసేపు లోపలి బల్బు, రిఫ్లెక్టరు స్పష్టంగా కనపడి, ఆరగానే మళ్లీ మసకయితే సంతోషించండి, పాడైంది బయటి పొరే, బాగవుతుంది. నీళ్లు పోసినా మసక అలాగే ఉంటే జబ్బు లోపల ఉన్నట్టు. వెనక రబ్బరు మూత సరిగ్గా పెట్టకపోవడం, గాలి ఆడే చిన్న గొట్టాలు మూసుకుపోవడం, సీలు విడిపోవడం వల్ల తేమ చేరి ఉండొచ్చు, బయట ఎంత రుద్దినా లాభం లేదు. గోరుతో అద్దం మీద గీసి చూడండి. గోటికి తగలకుండా, వెలుతురులో మాత్రం సాలెగూడులా సన్న పగుళ్లు లోతుగా కనిపిస్తే అవి ఎంత రుద్దినా పూర్తిగా పోవు. అలాంటివి ఒకటో రెండో ఉంటే ఫరవాలేదు, అద్దమంతా అలాగే ఉంటే మార్చడమే మేలు. రిఫ్లెక్టరు కాలిపోయినా, లైటు బిగించే చెవులు విరిగినా అంతే. మార్చేటప్పుడు కంపెనీ పార్టుకే వెళ్లండి. చవక లైట్లలో పూత పలుచగా ఉంటుంది, వెలుతురు పడే తీరు కూడా అడ్డదిడ్డంగా ఉంటుంది.

మీరు చెప్పిన లక్షణాలని బట్టి మీది బయటి పొరే అనిపిస్తోంది. ఇంట్లోనే చేసుకోవచ్చు, రెండు లైట్లకీ సగం రోజు పెట్టుకోండి.

కావల్సినవి పెద్దగా ఏం లేవు. పెయింట్ల షాపులో దొరికే వాటర్ పేపర్లు, అంటే తడిపి రుద్దే ఉప్పుకాగితాలు (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), 600, 1000 నంబర్లు, పాలిష్ చేసే పద్ధతికి 1500, 2000, 3000 కూడా. నీళ్ల స్ప్రే సీసా, అందులో రెండు చుక్కలు కారు షాంపూ. మంచి మాస్కింగ్ టేపు, పాత పేపర్లు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డలు. వాటర్ పేపర్లని పని మొదలుపెట్టే ముందు పదిహేను నిమిషాలు నీళ్లలో నానబెట్టండి, మెత్తబడి అంచులు గీతలు పెట్టవు.

టేపు వేయడంలో మాత్రం బద్ధకించొద్దు. లైటు చుట్టూ బంపరు, బానెట్, ఫెండరు అంచుల మీద రెండు వరసలు వేయండి. అంచుల దగ్గర కారు రంగు పలుచగా ఉంటుంది, వాటర్ పేపరు నాలుగుసార్లు తగిలితే ప్రైమర్ బయటపడుతుంది. వీలైతే బానెట్ ఎత్తి, దాని కింది అంచుకి కూడా వేయండి.

ఇక రుద్దడం. పసుపు బాగా ముదిరి, పూత పెచ్చులుగా లేస్తుంటే 600తో మొదలుపెట్టండి. చెమ్మ ఆరకుండా నీళ్లు కొడుతూ, అరచేతితో కాకుండా చిన్న రబ్బరు దిమ్మకో స్పాంజికో పేపరు చుట్టి, అడ్డంగా ఒకే దిక్కులో రుద్దండి. మొదట కారే నీళ్లు పసుపుగా, కాస్త చిక్కగా వస్తాయి. అది చచ్చిన ప్లాస్టిక్, పాత పూత. రుద్దుతూ పోతే కాసేపటికి నీళ్లు తెల్లగా మారతాయి. అక్కడితో అయిపోయిందనుకుని ఆపేవాళ్లే ఎక్కువ. ఆపకండి. గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, పక్క నుంచి వెలుతురు పడేలా వంగి చూడండి. అక్కడక్కడా మెరిసే ముక్కలు కనిపిస్తాయి, వాటి చుట్టూ సన్నటి గీత ఉంటుంది. ఆ మెరిసేది ఇంకా ఊడని కంపెనీ పూత. అది మిగిలిపోతే దాని అంచు రేపు పైన వేసే పూత కింద నుంచి స్పష్టంగా కనపడుతుంది, కొత్త పూత అక్కడి నుంచే లేస్తుంది. మెరుపు ఒక్క చోట కూడా లేకుండా అద్దమంతా ఒకే రకంగా తెల్లటి మసకగా అయ్యేదాకా 600 వదలొద్దు. మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పోవాలి. ఈ దశలో అద్దం మొదటికంటే ఘోరంగా కనపడుతుంది, టెన్షన్ పడకండి, అలాగే ఉండాలి.

తర్వాత 1000. ఈసారి నిలువుగా రుద్దండి. 600 పెట్టిన అడ్డగీతలన్నీ పోయి నిలువు గీతలే మిగిలితే ఆ నంబరు పని అయినట్టు. పేపరు మార్చిన ప్రతిసారీ అద్దం, చేతులు, దిమ్మ అన్నీ కడుక్కోండి, 600 నుంచి రాలిన ఒక్క రేణువు 1000 కింద పడినా పొడుగు గీత పెడుతుంది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పైన ఏం వేయాలనుకుంటున్నారో ముందే తేల్చుకోవాలి.

నా మట్టుకు నాకు అన్నిటికంటే నమ్మకం 2కె క్లియర్ మీద. అంటే హార్డ్‌నర్ కలిపి కొట్టే క్లియర్ కోట్, కారు బాడీ మీద రంగు తర్వాత వేసేదే. యూవీని ఆపుతుంది, గట్టిపడుతుంది, సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఈ దారిలో వెళ్తే 1000 దగ్గరే ఆపేయాలి. చాలామంది 3000 దాకా రుద్ది, పాలిష్ చేసి, అద్దంలా మెరిపించి దాని మీద క్లియర్ కొడతారు. నున్నటి ప్లాస్టిక్‌కి క్లియర్ పట్టదు, కొన్ని నెలలకే పొరలుగా లేస్తుంది. 1000 పెట్టిన సన్న గీతలే క్లియర్‌కి పట్టు. వాటిలో క్లియర్ నిండగానే గీతలు మాయమై అద్దం తేటపడుతుంది, మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు.

మీకు దగ్గర్లో ఆటోనగర్ ఉంది కాబట్టి తేలికైన మార్గం, రుద్దే పని మీరు ఓపిగ్గా ఇంట్లో చేసుకుని, నమ్మకమైన పెయింటర్ దగ్గర గన్నుతో క్లియర్ కొట్టించుకోవడం. ఏదో ఒక బాడీకి ఎలాగూ క్లియర్ కలుపుతారు, అందులోంచి కాస్త చాలు. హార్డ్‌నర్ కలిపిన క్లియరేనా అని గట్టిగా అడగండి. హార్డ్‌నర్ లేని మామూలు క్లియర్ కొడితే ఏడాది తిరక్కుండానే పసుపెక్కి పెచ్చులూడుతుంది.

సొంతంగా కొట్టుకోవాలంటే 2కె స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. డబ్బా అడుగున ఒక బొత్తాం ఉంటుంది, అది నొక్కితే లోపల హార్డ్‌నర్ కలుస్తుంది, ఆ తర్వాత డబ్బా మీద రాసిన గడువులోగా వాడేయాలి, దాచుకోవడం కుదరదు. రెండు లైట్లూ సిద్ధమయ్యాకే నొక్కండి. ఇందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి, ఉబ్బసం తెప్పిస్తాయి. గుడ్డ మాస్కు, కోవిడ్ అప్పటి మాస్కులు చాలవు, ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు ఉంటేనే చేయండి. ఆరుబయటే చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మాస్కు కొనడం ఇష్టం లేకపోతే పెయింటర్ దగ్గరికే వెళ్లండి, ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

కొట్టే ముందు అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకండి. కింద నేల మీద నీళ్లు చల్లండి, దుమ్ము లేవదు. మొదటి పొర మంచు పడినట్టు పలుచగా, అద్దం పూర్తిగా తడవకుండా. క్లియర్‌లో ఉండే సాల్వెంట్ పాలీకార్బొనేట్‌ని కొరుకుతుంది, ఒకేసారి తడిపేస్తే సన్న పగుళ్లు వస్తాయి. పది నిమిషాలు ఆగి రెండోది కాస్త తడిగా, మళ్లీ ఆగి మూడోది. చెయ్యి ఆగకుండా, స్ప్రే లైటుకి ఒక పక్క బయట మొదలుపెట్టి రెండో పక్క బయట ఆపాలి, లేకపోతే అంచుల్లో ధారలు కడుతుంది. వానాకాలం ముసురులో చేస్తే గాలిలో తేమకి క్లియర్ తెల్లబారుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో చేస్తే గాల్లోనే ఎండి గరుకుగా పడుతుంది. చలికాలం పొద్దెక్కాక, మంచు విడిచాక చేస్తే అన్ని విధాలా బాగుంటుంది. ఎండాకాలం అయితే ఉదయం ఎండ ముదరకముందే. టేపు క్లియర్ పూర్తిగా గట్టిపడకముందే, గంటలోపు, మెల్లగా తీయండి. ఒక రోజు బండి కదపకండి, వారం దాకా కడగకండి.

రెండో దారి పాలిష్ చేసి పైన ఫిల్ము వేయడం. 1000 తర్వాత 1500, 2000, 3000 వరకూ వెళ్లి, తర్వాత రబ్బింగ్ కాంపౌండు, చివర ఫైన్ పాలిష్. మెషీను ఉంటే తక్కువ స్పీడులో, ఒకేచోట ఆపకుండా తిప్పండి, ప్లాస్టిక్ వేడెక్కితే మచ్చ పడుతుంది. చేత్తో కూడా అవుతుంది, భుజాలు నొప్పెడతాయంతే. దాని మీద పీపీఎఫ్, అంటే కారు రంగుని కాపాడటానికి అంటించే పారదర్శక ఫిల్ము, వేయించండి. యూవీని ఆపేదేనా అని కనుక్కోండి. రాళ్ల దెబ్బ కూడా ఆపుతుంది, కొన్నేళ్లకి పాతబడితే తీసేసి కొత్తది వేసుకోవచ్చు, మళ్లీ రుద్దే పని ఉండదు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకి ఇది మంచి మార్గం. స్టైల్ కోసం నల్ల ఫిల్ము, పసుపు ఫిల్ము మాత్రం వద్దు, కష్టపడి తెచ్చుకున్న వెలుతురు మళ్లీ పోగొట్టుకున్నట్టే.

వ్యాక్స్ సంగతి చాలామంది అడుగుతారు. కొన్ని వారాలు ఉంటుంది. సిరామిక్ కోటింగు ఇంకాస్త ఎక్కువ కాలం, కానీ అదీ చాలా పలుచటి పొరే. మన ఎండలో బయట నిలిపే బండికి వాటిని నమ్ముకోలేం. రుద్ది, పాలిష్ చేసి, పైన ఏమీ వేయకుండా వదిలేయడమంటే గోడకి ప్రైమర్ కొట్టి రంగు వేయకుండా వానకి వదిలేసినట్టు. బయట కొన్ని వందల రూపాయలకి చేసిచ్చేవాళ్లు ఎక్కువగా ఆపేది అక్కడే, అందుకే అయిదారు నెలలకి మళ్లీ అదే రంగు. మీరు షాపులో చేయించుకున్నా సరే, రుద్దాక పైన ఏం వేస్తారు అన్న ఒక్క ప్రశ్న అడగండి. జవాబు వ్యాక్స్ అయితే ఇంకో షాపు చూసుకోండి.

అద్దం బాగుపడ్డాక బల్బులు కూడా చూడండి. గాజు లోపల నల్లబడి ఉంటే కంపెనీ వాటేజీలోనే కొత్త జత వేయండి, రెండూ ఒకేసారి. వేసేటప్పుడు గాజుని వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డుకి తొందరగా పోతుంది. అయినా వెలుగు చాలడం లేదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌తో హోల్డరు దగ్గర వోల్టేజీ చూపించండి. పాత బండ్లలో స్విచ్ గుండా వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంటుంది. బ్యాటరీ నుంచి బల్బుకి నేరుగా కరెంటు అందించే రిలే పెట్టిస్తే అదే 55 వాట్ల బల్బు తేడాగా వెలుగుతుంది.

చివరగా లైటు ఎక్కడ పడుతోందో సరిచేసుకోండి, మసక అద్దంతో నడిపినప్పుడు ఎవరో ఒకరు స్క్రూలు పైకి తిప్పేసి ఉండే అవకాశం ఎక్కువ. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, చదునైన నేల మీద గోడకి 5 మీటర్ల దూరంలో బండి ఆపండి. లైటు ఎత్తు మార్చే లెవలింగ్ చక్రం ఉంటే 0 మీద పెట్టండి. బల్బు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. డిమ్ వేస్తే వెలుతురు పై అంచు ఆ టేపుకి సుమారు 5 సెంటీమీటర్ల కింద ఉండాలి. కుడివైపు గీత అడ్డంగా ఉండి, ఎడమవైపు కాస్త పైకి లేవాలి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రోడ్డు పక్కన ఉన్నవాళ్లు కనపడాలనే అలా చేస్తారు. తేడా ఉంటే లైటు వెనక ఉండే అడ్జస్ట్‌మెంట్ స్క్రూలతో, ఒక లైటుని గుడ్డతో కప్పి రెండోది, తర్వాత అది కప్పి ఇది, విడివిడిగా సరిచేయండి.